తప్పులు చదివే గది

న్యూయార్క్‌లో హార్లెం పేటను ఆనుకుని సెయింట్ నికొలస్ గుట్ట ఉంది. ఆ గుట్ట మీద, మన్‌హట్టన్ నేలలో దొరికే ముదురు రాతితో కట్టి తెల్లటి అంచులు తీర్చిన పెద్ద పెద్ద భవనాలున్నాయి. దూరం నుంచి చూస్తే ఏ పాతకాలపు క్రైస్తవ మఠమో అనిపిస్తుంది. అది సిటీ కాలేజీ. 1847లో టౌన్సెండ్ హారిస్ అనే వ్యాపారి, ఊరి విద్యా మండలికి పెద్ద, పేదల పిల్లలకూ పైచదువు ఉండి తీరాలని పట్టుబట్టాడు. డబ్బున్నవాళ్లు చాలామంది ఎందుకన్నారు. ఊళ్లో ఓటింగు పెట్టారు. జనం కావాలన్నారు. ఫ్రీ అకాడమీ అనే పేరుతో మొదలైన ఆ కాలేజీ 129 ఏళ్లపాటు ఊరి పిల్లల దగ్గర ఫీజన్న మాట ఎత్తలేదు.

తూర్పు యూరపు నుంచి ఓడలెక్కి వచ్చిన యూదు దర్జీల, తోపుడుబండి వ్యాపారుల పిల్లలు ఆ మెట్లెక్కారు. పోలియో టీకా కనిపెట్టిన జోనస్ సాల్క్ 1934లో అక్కడ డిగ్రీ తీసుకున్నాడు. కెన్నెత్ ఆరో, ఆర్థర్ కోర్న్‌బర్గ్ లాంటి నోబెల్ గ్రహీతలు అక్కడి విద్యార్థులే. సైన్యాధిపతిగా, ఆ తర్వాత విదేశాంగ మంత్రిగా పనిచేసిన కొలిన్ పావెల్ 1958లో అక్కడి నుంచే పట్టా పుచ్చుకున్నాడు. పేదవాడి హార్వర్డ్ అని దానికి పేరు. ఆ పేరుకు అది తగినదే. అయితే హైస్కూలు మార్కుల గీత ఏటికేడాది పైకి జరుగుతూ పోయింది. 1960ల నాటికి గుట్ట చుట్టూ ఉన్నది హార్లెం, గుట్ట మీద చదువుతున్న హార్లెం పిల్లలు మాత్రం బహు తక్కువ.

ఆ కాలేజీ తలుపు అలాంటి పిల్లలకు ఎలా తెరుచుకుందో, ఎలా మూసుకుందో చెప్పడానికి ఇది రాస్తున్నాను. డిగ్రీ చదువుకు ఇంకా సిద్ధంగా లేని పిల్లలకు చెప్పే రెమెడియల్ తరగతి అనగానే మొహం చిట్లించే రోజులివి. వెనకబడ్డవాళ్ల గది అది, ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ అని తేల్చేశారు. ఆ గదిలో ఒకప్పుడు ఎంత గొప్ప పని జరిగిందో, అది ఎవరి చేతుల్లో పుట్టిందో, ఎవరి చేతుల్లో పోయిందో తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. ఆ పని చేసినవాళ్లు ఉద్యోగాలు ముగించి ఇళ్లకు వెళ్తున్నారు.

1965లో సిటీ కాలేజీ ఒక చిన్న ప్రయత్నం మొదలుపెట్టింది. మార్కులు చాలని నల్లజాతి, ప్యూర్టోరికన్ పిల్లల్ని కొద్దిమందిని తీసుకుని, డిగ్రీ తరగతులకు సిద్ధం చేయడం. మరుసటేడు అది చట్టం అండతో సీక్ అనే కార్యక్రమంగా నిలబడింది. ఆ పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చినవాళ్ల పేర్లు ఇప్పుడు చూస్తే నమ్మశక్యం కాదు. టోనీ కేడ్ బంబారా, జూన్ జోర్డన్, ఆడ్రీ లార్డ్, ఏడ్రియన్ రిచ్. తర్వాతి అమెరికన్ సాహిత్యాన్ని మలిచిన రచయిత్రులు నలుగురు ఒకే వరండాలో నడుస్తూ, వాక్యం ఎక్కడ ఆపాలో తెలియని పిల్లల కాగితాలు దిద్దారు. వీళ్లందరితో పనిచేసి, తర్వాత ఆ ఇంగ్లీషు విభాగాన్ని నడిపిన మనిషి మీనా షానెసీ. 1967లో సిటీ కాలేజీకి వచ్చింది. దక్షిణ డకోటాలో లెడ్ అనే బంగారు గనుల ఊళ్లో 1924లో పుట్టింది. తండ్రి గని కార్మికుడు, తల్లి బడిపంతులమ్మ. నాటకం చదువుకుంది, ఆ తర్వాత సాహిత్యం. ఆమె పేరు వెనక డాక్టరేటు లేదు.

1969 ఏప్రిల్ 22న నల్లజాతి, ప్యూర్టోరికన్ విద్యార్థులు సిటీ కాలేజీ దక్షిణ ప్రాంగణం గేట్లు మూసి లోపల కూర్చున్నారు. హార్లెం విశ్వవిద్యాలయం అని దానికి పేరు పెట్టుకున్నారు. ఐదు డిమాండ్లు. ఊరి హైస్కూళ్లలో ఏ జాతి పిల్లలు ఎంతమంది ఉన్నారో కాలేజీలో కొత్తగా చేరేవాళ్లలోనూ ఆ పోలిక కనబడాలన్నది వాటిలో ముఖ్యమైనది. రెండు వారాలు కాలేజీ నడవలేదు. ప్రెసిడెంట్ బ్యుయెల్ గాలగర్ రాజీనామా చేశాడు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం, సిటీ కాలేజీ భాగమై ఉన్న, అందరూ క్యూనీ అనే ఆ పెద్ద సంస్థ, 1975లో తెరుద్దామనుకున్న తలుపును ఐదేళ్లు ముందుకు లాగింది. నగరంలో హైస్కూలు పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒక కాలేజీలో సీటు, ఫీజు లేకుండా. 1970 శరదృతువులో సుమారు 35,000 మంది కొత్తవాళ్లు వచ్చారు. అంతకు ముందటేడుకన్నా అది ముప్పాతిక వంతు ఎక్కువ. గదులు చాలక భవనాలు అద్దెకు తీసుకున్నారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తర్వాత అందరూ మరిచిపోయింది అదే. ఆ తలుపులోంచి వచ్చినవాళ్లలో తెల్లజాతి కార్మికుల పిల్లలు చాలా ఎక్కువ. ఇటాలియన్, ఐరిష్ కుటుంబాల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు. ఉద్యమం చేసింది హార్లెం, తలుపు తెరుచుకుంది బ్రూక్లిన్‌లో, క్వీన్స్‌లో ఉన్న పేద తెల్లవాళ్లకు కూడా. సంఖ్యలు తీసి దీన్ని రుజువు చేసిన సామాజిక శాస్త్రజ్ఞులున్నారు. కానీ వార్తాపత్రికల్లో ఆ తలుపు బొమ్మ వేసినప్పుడల్లా అందులో కనబడే మొహాలు ఒకటే రంగు.

మొదటి వారం రాయించిన వ్యాసాలు ముందేసుకుని షానెసీ పాతబడ్డ ఒక తరగతి గదిలో ఒంటరిగా కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకే తోచలేదట. కాగితం మళ్లీ మళ్లీ చదివింది. ఈ పిల్లల చదువులో ఇంత ఆలస్యమైన వేళ నేను ఏం చేయగలను అని తన్ను తాను అడుక్కుంది. ఆ ప్రశ్నకు జవాబు కోసం ఆమె చేసిన పని, నా దృష్టిలో, ఇరవయ్యో శతాబ్దపు విద్యారంగంలో జరిగిన గొప్ప పనుల్లో ఒకటి. 1970 నుంచి 1974 వరకు సిటీ కాలేజీలో చేరినవాళ్లు రాసిన దాదాపు 4,000 వ్యాసాలు దగ్గర పెట్టుకుని, వాటిలోని తప్పులను వరుసగా చదివింది. మార్కులు తీసేయడానికి చదవలేదు. పాత శాసనం మీద అరిగిన అక్షరాన్ని చదివేవాడు ఎంత ఓపికగా, ఇక్కడ అర్థం ఉండి తీరుతుందన్న నమ్మకంతో చదువుతాడో అలా చదివింది.

ఏం కనబడింది ఆమెకు? ఆ తప్పులు ఇష్టం వచ్చినట్టు పడినవి కావు. ప్రతిదాని వెనక ఒక లెక్క ఉంది. ఇంగ్లీషులో నామవాచకం చివర 'ఎస్' చేరితే అనేకం. క్రియ చివర అదే 'ఎస్' చేరితే ఏకవచనం. ఎక్కువమంది అనడానికి ఒకచోట చేర్చాలి, ఒక్కరు అనడానికి ఇంకోచోట చేర్చాలి. ఈ వింతను ఎవరూ విడమరిచి చెప్పని పిల్లవాడు రెండుచోట్లా ఒకే సూత్రం వర్తింపజేస్తాడు, తప్పు రాస్తాడు. వాడు సోమరి కాదు, మందబుద్ధి అంతకన్నా కాదు. సూత్రాన్ని నమ్మాడు, భాషే నిలకడగా లేదు. ఇలాగే వాక్యం మధ్యలో దారి తప్పడం. ఇంట్లో మాట్లాడే వాక్యంతో మొదలుపెట్టి, కాలేజీలో ఇలా రాయాలేమోనని బరువైన వాక్యంలోకి మారబోయి, రెండింటి నడుమ ఇరుక్కుపోవడం. ఒక వాక్యాన్ని నాలుగైదు రకాలుగా మొదలుపెట్టి, కొట్టేసి, మళ్లీ మొదలుపెట్టి, చివరికి సమయమంతా మొదటి నాలుగు పంక్తుల్లోనే అయిపోవడం. ఆ కాగితంలో భయం కనబడుతుంది. నోరు తెరిస్తే నవ్వుతారు, కలం పెడితే ఎర్రసిరా పడుతుంది అని పన్నెండేళ్లు నేర్చుకున్న భయం.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లోనో ఇంజినీరింగులోనో అకస్మాత్తుగా ఇంగ్లీషు బ్లాక్‌బోర్డు ముందు కూర్చున్నవాళ్లకు ఈ భయం గురించి వేరే చెప్పక్కర్లేదు. లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కాదు. సమాధానం తెలుసు, చెయ్యి లేవదు. మన ఊళ్లలో అలాంటి పిల్లల్ని ఎంత తేలిగ్గా మొద్దులన్నారో గుర్తున్నవాళ్లు షానెసీ పుస్తకం చదివితే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. న్యూయార్క్ గురించి రాసినా, మన వెనక బెంచీ కుర్రాడి గురించి కూడా ఆవిడకు తెలుసనిపిస్తుంది.

1975 డిసెంబరులో సాహిత్య అధ్యాపకుల మహాసభలో ఆమె మాట్లాడింది. ఆ ప్రసంగం మరుసటేడు అచ్చయింది. ఇలాంటి విద్యార్థులు వచ్చినప్పుడు మారాల్సింది వాళ్లొక్కరేనా, పంతులు మారక్కర్లేదా అని అడిగింది. మొదట అధ్యాపకుడు తన కోటకు కాపలా కాస్తాడు, ఈ పిల్లలు ఇక్కడికి తగరంటాడు. తర్వాత తన విద్యను వాళ్ల తలల్లో పోయాలని చూస్తాడు. ఆ తర్వాత తాను చెప్పే విషయం ఎంత లోతైనదో, ఎంత వంకర్లు తిరిగి ఉందో గమనించడం మొదలుపెడతాడు. ఆఖరికి దూకుతాడు. తాను కూడా విద్యార్థి అవుతాడు. డిగ్రీలున్న సభికుల ముందు, డాక్టరేటు లేని ఒక గని కార్మికుడి కూతురు చెప్పిన మాటలివి.

అందరూ దూకలేదు. సిటీ కాలేజీ ఇంగ్లీషు విభాగంలోనే మనసు విరిగినవాళ్లు ఎందరో. మిల్టన్ చెప్పడానికి వచ్చి కామాలు చెప్పాల్సి వస్తోందని బాధపడ్డవాళ్లు. వాళ్లను నేను తేలిగ్గా తీసిపారేయను. ఒక విద్యలో జీవితం ధారపోసి, ఆ విద్య ఎవరికీ అక్కర్లేని గదిలో నిలబడ్డం నిజంగా దుఃఖమే. వాళ్లలో జెఫ్రీ వాగ్నర్ 1976లో ఒక పుస్తకమే రాశాడు, దాని పేరే విద్యకు చరమగీతం పాడేది. మానవీయ శాస్త్రాల డీన్‌గా ఉండి మొదట్లో ఈ ప్రయోగాన్ని సమర్థించిన థియోడర్ గ్రాస్ 1978 ఫిబ్రవరిలో సాటర్‌డే రివ్యూ పత్రికలో, ఒక కాలేజీని ఎలా చంపుతారు అన్న శీర్షికతో తన నిరాశ వెళ్లగక్కాడు. బయట కాచుకుని ఉన్నవాళ్లకు లోపలివాళ్ల సాక్ష్యం దొరికింది.

కానీ ఆ కాలేజీ గొంతు పట్టుకున్నది వ్యాసాలు కాదు, అప్పులు. 1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచుకు వచ్చింది. బాండ్లు కొనేవాళ్లు లేరు. జీతాలకు డబ్బు లేదు. ఆ అక్టోబరు 29న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ నగరాన్ని ఆదుకోనని చెప్తూ చేసిన ప్రసంగంలో, ఈ ఊరు ఫీజు లేని విశ్వవిద్యాలయం నడుపుతోందని ఎత్తిచూపాడు. పేదల పిల్లలు ఊరికే చదువుకోవడం నగరం చేసిన దుబారాల జాబితాలో చేరింది. రుణాలిచ్చేవాళ్లు, ఖర్చుల మీద కత్తి పట్టి కూర్చున్న అత్యవసర ఆర్థిక మండలి, అందరి కళ్లూ అక్కడే పడ్డాయి. 1976 మే చివర్లో విశ్వవిద్యాలయం దగ్గర డబ్బు పూర్తిగా నిండుకుంది. రెండు వారాలు మొత్తం మూతబడింది. పరీక్షల రోజులు, పట్టాలిచ్చే రోజులు. జూన్‌లో తెరుచుకునేటప్పటికి విశ్వవిద్యాలయ పాలక మండలి తీర్మానం చేసేసింది. ఇకమీదట ఫీజు కట్టాలి. మహా మాంద్యంలో ఆగనిది, రెండు ప్రపంచ యుద్ధాల్లో ఆగనిది, 129 ఏళ్ల మాట, అలా పోయింది.

ఇది జరిగిన కాలం చూడండి. కొత్తగా చేరేవాళ్లలో నల్లజాతి, హిస్పానిక్ పిల్లల వాటా సగానికి చేరుతున్న రోజులు. యూదుల పిల్లలకు, ఐరిష్ పిల్లలకు, ఇటాలియన్ పిల్లలకు ఉచితంగా అందిన చదువు, వీళ్ల వంతు వచ్చేసరికి బిల్లు చేతిలో పెట్టింది. రాష్ట్రం ఇచ్చే ఫీజు సాయం ఉందన్నారు, నిజమే. అయినా ఆ కొద్ది ఏళ్లలో పదుల వేల మంది విద్యార్థులు తగ్గిపోయారు. అధ్యాపకులు, సిబ్బంది వేల సంఖ్యలో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆఖర్న చేరినవాళ్లను ముందు తీసేశారు. ఆఖర్న చేరినవాళ్లంటే ఎవరు? ఈ పిల్లల కోసం చేర్చుకున్న కుర్ర లెక్చరర్లే.

1976 వసంతంలో నగరంలోని రైటింగ్ అధ్యాపకుల సమావేశంలో షానెసీ మాట్లాడింది. మేం ఐదారేళ్లు తప్పులతో కుస్తీ పట్టి ఇప్పుడిప్పుడే పని నేర్చుకున్నాం, సరిగ్గా ఆ నేర్పు చేతికొచ్చిన వేళ మంచి మంచి యువ అధ్యాపకులు వేరే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు అన్నది ఆమె బాధ. తరగతిలో పిల్లలు పెరిగారు, పంతుళ్లు తగ్గారు. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేసేది ఇదే. ఒక పనిని అసాధ్యమన్నారు. కొందరు చేసి చూపించే దశకు వచ్చారు. అప్పుడు వాళ్లను పంపేసి, చూశారా, అసాధ్యమని చెప్పలేదూ అన్నారు.

1977లో ఆమె పుస్తకం వచ్చింది. ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్, ఆక్స్‌ఫర్డ్ ప్రచురణ. చేతిరాత, విరామ చిహ్నాల దగ్గర మొదలై, వాక్య నిర్మాణం, సామాన్యమైన తప్పులు, స్పెల్లింగు, పదసంపద మీదుగా నడిచి, ఆఖరి అధ్యాయంలో ఈ విద్యార్థుల నుంచి ఏం ఆశించవచ్చో చెప్పి ముగుస్తుంది. అప్పటివరకు రెమెడియల్ పాఠం అంటే ఒక విద్యగా ఎవరూ చూడలేదు. బేసిక్ రైటింగ్ అన్న పేరుతో దాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టింది ఆమె. దానికోసం 1975లోనే ఒక పత్రిక కూడా మొదలుపెట్టింది, అది ఇప్పటికీ నడుస్తోంది. పుస్తకాన్ని దేశమంతా నెత్తిన పెట్టుకుంది. అప్పటికి ఆమె ఒంట్లో కాన్సరు ఉంది. 1978 నవంబరు 16న మీనా షానెసీ పోయింది. 54 ఏళ్లు.

అదే 1978లో క్యూనీ కొత్త విద్యార్థులందరికీ చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్షలు పెట్టింది. రాయడం పరీక్షకు 50 నిమిషాలు. అప్పటికప్పుడిచ్చిన ఒక విషయం మీద వ్యాసం. ఇద్దరు దిద్దుతారు, ఒక్కొక్కరు ఆరుకు మార్కులేస్తారు, రెండూ కలిపి ఎనిమిది వస్తే పాస్. ఒకే కాగితం మీద గంటలు కూర్చున్న మనిషి పోయిన ఏడాదే, ఆ కాగితాన్ని నిమిషాల్లో తేల్చే పద్ధతి వచ్చింది. పరీక్ష అసలు ఉండకూడదని నేననను. ఎవరికి ఏ సాయం కావాలో తెలుసుకోవడానికి కొలత కావాలి. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ కొలతే గోడ అయింది. రెమెడియల్ తరగతులకు వచ్చే పంతుళ్లలో గంటల లెక్కన జీతం తీసుకునే అడ్జంక్ట్‌లు పెరిగారు. ఒకరోజు ఈ కాలేజీ, ఒకరోజు ఆ కాలేజీ, సబ్‌వే రైల్లో కాగితాలు దిద్దుకోవడం. పిల్లవాడు మొదటి పేరా ఎందుకు నాలుగుసార్లు కొట్టేశాడో అడిగే తీరిక ఎవరికీ లేదు.

తీరిక దొరికితే ఏమవుతుందో చూపించిన మనిషి ఒకరున్నారు. సిటీ కాలేజీలోనే మెరిలిన్ స్టెర్న్‌గ్లాస్ 1989లో మూడు తరగతుల్లోని 53 మంది విద్యార్థులను ఎంచుకుని, వాళ్ల వెంట ఆరేళ్లు నడిచింది. ఉద్యోగాలు, పసిపిల్లలు, జబ్బుపడ్డ తల్లులు, వాయిదా పడ్డ సెమిస్టర్లు. వీటన్నిటి మధ్య వాళ్ల రాత మెల్లగా, వెనక్కీ ముందుకూ జరుగుతూ, ఎదిగింది. ఆలోచన ముందు పదునెక్కింది, వ్యాకరణం తర్వాత సర్దుకుంది. మొదటేడు పరీక్షలో తప్పినవాళ్లు ఆఖరేడు తమ చదువు విషయంలో లోతైన వ్యాసాలు రాశారు. ఆ పుస్తకం 1997లో అచ్చయింది. దాని పేరులోనే కాలం ఉంది, వాళ్లను తెలుసుకోవడానికి పట్టే కాలం.

కాలం ఇవ్వడానికి ఊరు సిద్ధంగా లేదు. మేయర్ రూడీ జూలియానీ క్యూనీ ప్రమాణాలు దిగజారాయని ఊదరగొట్టాడు. 1998 మే నెలలో ట్రస్టీల మండలి, నాలుగేళ్ల డిగ్రీ కాలేజీల్లో రెమెడియల్ తరగతులు ఎత్తేయాలని 9–6 ఓట్లతో తీర్మానించింది. సమావేశం తీరు చట్టప్రకారం లేదని కోర్టు కొట్టేస్తే, 1999 జనవరిలో మళ్లీ తీర్మానించింది. యేల్ విశ్వవిద్యాలయ మాజీ అధ్యక్షుడు బెన్నో ష్మిట్ నాయకత్వంలో మేయర్ వేసిన బృందం, ఆ వేసవిలో, ఇది దారి తప్పి కొట్టుకుపోతున్న సంస్థ అని నివేదిక ఇచ్చింది. మండలిలో ఈ మార్పును ముందుండి నడిపించినవాడు హెర్మన్ బడియో. ప్యూర్టోరికోలో పుట్టి, తల్లిదండ్రులను పోగొట్టుకుని, పదకొండేళ్లకు న్యూయార్క్ చేరి, 1951లో సిటీ కాలేజీలోనే డిగ్రీ తీసుకున్నవాడు. ఆయన్ని ద్రోహి అన్నవాళ్లున్నారు. నాకలా అనాలనిపించదు. తాను ఎక్కిన మెట్టు అంత గట్టిదిగానే ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆ మెట్టు దగ్గర చెయ్యందించే మనిషి లేకపోతే దాన్ని అందుకోలేని పిల్లలు ఆయనకు కనబడకపోవడమే విషాదం.

2000, 2001ల్లో కాలేజీ తర్వాత కాలేజీ అమలు చేసింది. పరీక్షలో తప్పినవాళ్లు రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీకి వెళ్లమన్నారు. షానెసీ కూర్చున్న గుట్ట మీద ఆమె పని అధికారికంగా ముగిసింది.

ఆ తర్వాత 2007లో పాల్ ఆట్‌వెల్, డేవిడ్ లావిన్ ఒక పుస్తకం తెచ్చారు. 1970ల తొలినాళ్లలో ఆ తెరిచిన తలుపులోంచి వచ్చిన సుమారు 2,000 మంది మహిళలను ముప్పై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని మాట్లాడారు. వాళ్లలో 70 శాతం కన్నా ఎక్కువమంది ఏదో ఒక డిగ్రీ సంపాదించారు. కొందరికి పదేళ్లు పట్టింది, కొందరికి ఇరవై. మధ్యలో మానేసి, పిల్లల్ని కని, మళ్లీ వచ్చి పూర్తిచేశారు. నాలుగేళ్లకో ఆరేళ్లకో గంట కొట్టి లెక్కలేసినవాళ్ల కాగితాల్లో వాళ్లంతా చదువు మానేసినవాళ్లే. అంతేకాదు, ఆ తల్లుల పిల్లల చదువులూ మెరుగుపడ్డాయి. ఈ సంగతి తెలిసేసరికి, వాళ్లు నడిచి వచ్చిన దారి మూసేసి ఏళ్లు గడిచాయి.

కమ్యూనిటీ కాలేజీల్లో మిగిలిన రెమెడియల్ తరగతులకూ తర్వాత గండం వచ్చింది. 2013లో ఫ్లోరిడా చాలామందికి వాటిని ఐచ్ఛికం చేసింది. 2017లో కాలిఫోర్నియా చట్టం తెచ్చి దాదాపు పక్కన పెట్టింది. 2023 నాటికి క్యూనీ పాత తరహా రెమెడియల్ కోర్సులు లేవని చెప్పేసింది. విద్యార్థిని నేరుగా డిగ్రీ లెక్కలోకి వచ్చే క్రెడిట్ తరగతిలో కూర్చోబెట్టి, పక్కన ఒక సాయం గంట జోడిస్తారు. దీని వెనక న్యాయమైన కారణం ఉందని ఒప్పుకోవాలి. ఒకే ఒక్క పరీక్ష చూసి ఎంతోమందిని అనవసరంగా కింది తరగతిలో పడేశారు. క్రెడిట్ లేని మెట్లు ఒకటి, రెండు, మూడు ఎక్కేలోపే డబ్బూ ఓపికా అయిపోయి జారిపోయినవాళ్లు లెక్కలేనంతమంది. కొత్త పద్ధతిలో మొదటి కోర్సు పాసయ్యేవాళ్లు పెరిగారు. సంతోషం. కానీ ఆ పాత తరగతి చెడిపోయింది తన లోపం వల్లనే అన్నట్టు మాట్లాడ్డం నాకు సహించదు. తిండి పెట్టకుండా చిక్కిపోయాడని నిందించడం అది.

నేనూ ఈ పనే చేశాను. అమెరికాలో ఒక రెండేళ్ల కాలేజీలో రెమెడియల్ రైటింగు చెప్పాను. ఈ వేసవితో ఆ కోర్సు లేదు, నా ఉద్యోగమూ ముగిసింది. రాత్రంతా ఆసుపత్రిలో పనిచేసి పొద్దున ఎనిమిదింటికి ఎర్రటి కళ్లతో వచ్చి కూర్చునే నర్సింగు సహాయకులకు చెప్పాను. సైన్యం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లకు చెప్పాను. మనవరాలితోపాటు చేరిన అమ్మమ్మకు చెప్పాను. నల్గొండ జిల్లా పల్లెటూరి నుంచి పెళ్లై వచ్చిన ఒకమ్మాయి నా తరగతిలో ఉండేది. తెలుగు మీడియం. ఆమె వ్యాసాల్లో 'ది', 'ఎ' అన్న చిన్న మాటలు ఒక్కటి కూడా ఉండేవి కావు. ఎవరో దిద్దారు. అప్పటి నుంచి ప్రతి మాట ముందూ పెట్టడం మొదలుపెట్టింది, మనుషుల పేర్ల ముందు కూడా. మన భాషలో లేని వస్తువును ఎక్కడ పెట్టాలో చెప్పకుండా పెట్టమన్నారు కాబట్టి, ఏ ఒక్కచోటా వదిలితే తప్పవుతుందేమోనని అన్నిచోట్లా పెట్టింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని, ఎవరో ముందే తెలిసినప్పుడు ఒకటి, ఇప్పుడే పరిచయం చేస్తున్నప్పుడు ఇంకొకటి అని, వాళ్లమ్మ గురించి ఆమె రాసిన పేజీలోనే వెతుక్కుంటూ వెళ్లాం. పేజీ చివరికి వచ్చేసరికి తనంతట తనే కొట్టేస్తోంది. ఆ తర్వాత అకౌంటింగు చదివింది.

ఇలాంటివి నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. షానెసీ పుస్తకం మొదట నా బల్ల మీద పెట్టిన పెద్దావిడ నాకన్నా ముందే రిటైరైంది. ఇప్పుడు నా కోర్సు బదులు పెట్టిన ఆ సాయం గంట చెప్పబోయే అమ్మాయి చిన్నది, చురుకైనది, పన్నెండు మందికి వారానికి ఒక్క గంట దొరుకుతుంది ఆమెకు. పోయిన వారం నా గది ఖాళీ చేస్తున్నప్పుడు వచ్చి, ఏమైనా చెప్పమని అడిగింది. పెట్టెలు పక్కకు జరిపి ఇద్దరం కూర్చున్నాం. మొదటి వ్యాసం మీద ఎర్రసిరా పెట్టొద్దన్నాను. కొట్టేసిన పంక్తులు తప్పకుండా చదవమన్నాను, అసలు చెప్పాలనుకున్నది తరచుగా అక్కడే ఉంటుంది. ఒకే తప్పు మూడుసార్లు వస్తే అది తప్పు కాదు, ఆ మనిషి పాటిస్తున్న నియమం, ఆ నియమమేమిటో ఆ మనిషినే అడగమన్నాను. గట్టిగా చదివించమన్నాను, చాలామంది కాగితం మీద లేని అక్షరాన్ని నోటితో సరిగ్గా పలుకుతారు. సెమిస్టరు మధ్యలో కనబడకుండా పోయినవాళ్లకు ఫోన్ చేయమన్నాను, రెండుసార్లు చేయమన్నాను. ఆమె రాసుకుంది. కొన్నిటికి ఎదురుప్రశ్న వేసింది, ముఖ్యంగా ఎర్రసిరా గురించి. పాత వ్యాసాల కట్టలో పేర్లు చెరిపినవి కొన్ని ఆమెకిచ్చాను. వచ్చే మంగళవారం వాటిని ఇద్దరం కలిసి చదవాలనుకున్నాం.